గుసగుసల వేలం

మొన్నటి దాకా మా బాబాయ్ గుసగుసగా తప్ప మాట్లాడేవాడు కాదు. మంచినీళ్ళు అడిగినా గుసగుసే, మంచిచెడ్డలు అడిగినా గుసగుసే. ఇల్లు తగలబడుతోందని చెప్పాల్సి వచ్చినా సరే, అటూ ఇటూ చూసి, దగ్గరికి రమ్మని సైగ చేసి, చెవిలోనే చెప్పేవాడు. ఇది ఊరికే అనడం లేదు. ఒకసారి మా వంటింట్లో పాలు పొంగి, గిన్నె మాడి, పొగ హాల్లోకి వస్తుంటే ఆయన తాపీగా వచ్చి నా పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యేసి, "ఒరే, ఒక చిన్న మాట" అన్నాడు. ఆ చిన్న మాట నా చెవిలో పడేసరికి గిన్నెకి అడుగు లేదు.

పుట్టుకతో వచ్చిన గొంతే అంత అయితే ఎవరూ ఏమీ అనుకోరు. కానీ మా బాబాయ్ ఏం పని చేసేవాడనుకున్నారు? పళ్ళ మార్కెట్లో వేలం వేసేవాడు. ఆయన "ఒకటోసారి" అంటే గంపల్లో పళ్ళు అటూ ఇటూ దొర్లేవి. "రెండోసారి" అంటే పక్క వీధిలో పడుకున్నవాళ్ళు లేచి కూర్చునేవాళ్ళు. వాళ్ళలో ఒకరిద్దరు నిద్రమత్తులో ఎగబడి పాట పాడేసి, మూడోసారికి రెండు బళ్ళ బత్తాయిలకి యజమానులయ్యారని మార్కెట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

అందుకే ఈ గుసగుస మొదలైనప్పుడు అందరికంటే ఎక్కువ కంగారు పడింది మా పిన్ని. "కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ చెవుల్లో దూది పెట్టుకుని బతికానురా. ఇప్పుడు దూది తీసేసినా ఏమీ వినపడటం లేదు" అని నా దగ్గర వాపోయింది. గొంతులో ఏమైనా వచ్చిందేమోనని డాక్టరుకి చూపించింది. ఆయన నోరు తెరిపించి, లైటు వేసి చూసి, "లోపల గుర్రం దౌడు తీసేంత బాగుంది" అన్నాడు. అది నిజమేనని మాకూ తెలుసు. మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు కలలో వేలం వస్తే బాబాయ్ పాత గొంతుతోనే "రెండోసారీ!" అని అరిచేవాడు. లేచి కూర్చున్నాక, "కాసిని టీ ఇస్తావా" అని గుసగుసలాడేవాడు.

"ఎందుకు బాబాయ్ ఇలా?" అంటే, "పక్షులు బెదురుతాయిరా" అనేవాడు.

"మన హాల్లో పక్షులెక్కడున్నాయి?"

"అలవాటు తప్పకూడదుగా" అని ఇంకా చిన్నగా అనేవాడు.

పక్షుల సంగతి చెప్పాలంటే మా క్లబ్బు సంగతి చెప్పాలి. నాది కళ్ళజోళ్ళ షాపు. దాని వెనక గదిలో మా ఊరి చెట్లనీ పక్షుల్నీ చూసేవాళ్ళ క్లబ్బు సమావేశమవుతుంది. నేను కార్యదర్శిని. అంటే కుర్చీలు వేసేవాణ్ణి, అందరూ వెళ్ళాక తీసేవాణ్ణి. వసంతం వచ్చిందంటే ప్రతి ఆదివారం పొద్దున్నే చెరువు గట్టు మీద మా నడక ఉంటుంది. ఎవరైనా రావచ్చు. మావాళ్ళలో ఒకరు ముందు నడుస్తూ ఇది ఫలానా చెట్టు, అది ఫలానా పిట్ట అని చూపిస్తూ ఉంటారు. అధ్యక్షుడు పళ్ళ డాక్టరు. మా బాబాయ్ పళ్ళ మార్కెట్. ఒకాయన పీకేవాడు, ఒకాయన అమ్మేవాడు కాబట్టి క్లబ్బు పళ్ళవాళ్ళ చేతుల్లోనే ఉందని మావాళ్ళ పాత జోకు.

క్లబ్బుకి ప్రాణం మాత్రం టీచరమ్మగారు. స్కూల్లో సంగీతం చెప్పి రిటైరయ్యారు. ఈ నడకలు మొదలుపెట్టిందే ఆవిడ. పొదలో ఎక్కడో ఒక కూత వినపడితే చాలు, కళ్ళు మూసుకుని, తల కాస్త పక్కకి వంచి, "వడ్రంగిపిట్ట. ఇల్లు దొరకలేదని విసుక్కుంటోంది" అనేవారు. వెళ్ళి చూస్తే వడ్రంగిపిట్టే ఉండేది. విసుగ్గానే ఉండేది. పక్క ఊళ్ళ నుంచి జనం వచ్చేది పిట్టల కోసం కాదు, ఆవిడ చెవుల కోసం.

బాబాయ్ రిటైరై ఇంట్లో కూర్చుని కూరగాయలకి కూడా వేలం వేస్తుంటే, పిన్ని విసిగిపోయి, "ఇంట్లో అరిచే బదులు అడవిలో అరవండి" అని మా నడకకి తరిమింది. మొదటి రోజే చెట్టు మీద చిలకని చూసి, ఆనందం పట్టలేక, "అదిగో చిలకా!" అన్నాడు. చిలక పోయింది. చెట్టు మీద మిగిలిన పిట్టలు పోయాయి. అవతలి గట్టున గాలం వేసుకుని కూర్చున్నాయన కూడా సామాను సర్దుకుని పోయాడు. అందరూ బాబాయ్‌ని కొరికేసేలా చూశారు. టీచరమ్మగారు ఒక్కరే నవ్వి, "పోనివ్వండి. వాటికీ పొద్దున్నే కాస్త వ్యాయామం ఉండాలిగా. మీ గొంతు బావుంది. వచ్చే వారం కూడా తీసుకురండి" అన్నారు.

ఆ ఒక్క మాటకి బాబాయ్ దాసోహమైపోయాడు. ప్రతి వారం వచ్చాడు, ఆవిడ వెనకే తిరిగి పిట్టల పేర్లన్నీ నేర్చుకున్నాడు. కొన్నాళ్ళకి ముందు నడిచి చూపించే పని ఆయనకే అప్పజెప్పారు. గొంతు తగ్గలేదు గానీ, పిట్టలూ మేమూ సర్దుకుపోయాం. అలా సాగుతుండగా, మూడు వసంతాల కింద, ఒక ఆదివారం పొద్దున్న ఆయన ఉన్నట్టుండి గుసగుసలోకి దిగాడు.

మొదటి వారం క్లబ్బంతా సంబరపడింది. ప్రకృతి మనిషిని ఎలా సున్నితంగా మారుస్తుందో చెప్తూ పళ్ళ డాక్టరు చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాడు. రెండో వారానికి తెలిసొచ్చింది. బాబాయ్ ముందు నిలబడి ఏదో అంటాడు. గుంపంతా ఒక్క గొంతుతో "ఏంటీ?" అంటుంది. ఆయన మళ్ళీ అంతే చిన్నగా అంటాడు. మళ్ళీ "ఏంటీ?" వసంతమంతా మా గట్టు మీద కోకిల కూతలకంటే "ఏంటీ"లే ఎక్కువ వినపడ్డాయి.

చివరికి ముందున్నవాళ్ళు వెనకవాళ్ళకి మాట అందించే పద్ధతి పెట్టుకున్నాం. ఒకరోజు బాబాయ్ ముందు నుంచి, "మెల్లగా! గట్టు మీద కొంగ ఉంది" అన్నాడు. మాట చేతులు మారుతూ వెనక్కి వెళ్ళింది. వరసలో చివర ఉన్న మందుల షాపాయనకి అందేసరికి అది "మెల్లగా! చెట్టు మీద దొంగ ఉన్నాడు" అయింది. ఆయన బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, కర్ర ఒకటి విరుచుకుని, పొదల్లోంచి పాక్కుంటూ వచ్చి, ఆ చెట్టు కింద మూత్రానికి నిలబడ్డ పెద్దమనిషిని పట్టుకున్నాడు. ఆ పెద్దమనిషి ఇప్పటికీ మా క్లబ్బువాళ్ళు కనపడితే రోడ్డు దాటి అవతలికి పోతాడు. కొంగ మాత్రం కదల్లేదు.

మాటలు సరిపోక బాబాయ్ అభినయం కూడా మొదలుపెట్టాడు. వేలంలో చేతులు తిప్పిన మనిషి కదా. పొదలోంచి కూత వినపడగానే టీచరమ్మగారికి ఎదురుగా వెళ్ళి నిలబడి తన నాట్యం మొదలెట్టేవాడు. వడ్రంగిపిట్టైతే తలతో గాలిని ఠకఠకా పొడిచేవాడు. కొంగైతే ఒంటికాలి మీద నిలబడేవాడు. గిజిగాడైతే సూదిలో దారం ఎక్కించేవాడు. లకుముకైతే చేతులు జోడించి నెత్తి మీద నుంచి కిందికి, నీళ్ళలోకి దూకినట్టు వేసేవాడు. ఈ కార్యక్రమం అయ్యాక టీచరమ్మగారు ప్రశాంతంగా కళ్ళు మూసుకుని, తల వంచి, పేరు చెప్పేవారు. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. "ఆవిడ ఓపిక చూశారా? ఇంత కోతి చేష్టల మధ్యలో కూడా ఎంత ఏకాగ్రతో!" అనుకునేవాళ్ళం.

ఒక్కసారి మాత్రం ఆ ఏకాగ్రత దెబ్బతింది. బాబాయ్ చొక్కాలోకి చీమలు దూరాయి. ఆయన గుసగుసగానే "అబ్బా, అబ్బా" అంటూ చేతులు రెండూ చాచి, గుండ్రంగా తిరిగి, ఎగిరి, కూర్చుని, లేచి, చొక్కా తోకలు పట్టుకుని విదిలించాడు. టీచరమ్మగారు కళ్ళు మూసుకుని, "నెమలి" అన్నారు. మా చెరువు దగ్గర నెమలి ఏనాడూ లేదు. అయినా ఆవిడ అన్నారంటే ఉన్నట్టే కాబట్టి, మధ్యాహ్నం దాకా ముళ్ళకంపల్లో పడి నెమలి కోసం వెతికాం.

నడక దాటి బయటికొచ్చినా ఆ గుసగుస ఆయన్ని వదల్లేదు, ఆయన వల్ల మమ్మల్నీ వదల్లేదు. క్షౌరశాలలో కూర్చుని, "మీసం ఉంచు" అన్నాడు. మంగలాయనకి "మీసం దించు" అని వినపడింది. ఇంటికొస్తే పిన్ని తలుపు తీసి, "ఎవరు కావాలండీ?" అంది.

అసలు దెబ్బ నాకు తగిలింది. అప్పటికింకా కాబోయే మామగారు నా గురించి వాకబు చెయ్యడానికి బాబాయ్ ఇంటికి వెళ్ళారు. బాబాయ్ ఆయన్ని కూర్చోబెట్టి, అటూ ఇటూ చూసి, కిటికీ దగ్గరికేసి, ఆయన చెవి దగ్గరికి వంగి, "మా అబ్బాయి చాలా మంచివాడండీ. ఒక్క చెడ్డ అలవాటు కూడా లేదు" అని గుసగుసలాడాడు. మామగారు పాలిపోయిన మొహంతో ఇంటికెళ్ళి, "కుర్రాడు మంచివాడేనట. కానీ ఆ సంగతి బయటికి పొక్కకూడదట" అని అత్తగారితో అన్నారు. ఆ అనుమానం తీరడానికి ఊళ్ళో ఇంకెంతమందిని అడిగారో లెక్కలేదు. పెళ్ళయింది గానీ, ఇప్పటికీ నేను ఇంటికి ఆలస్యంగా వస్తే మా ఆవిడ, "మీ బాబాయిగారు ఆ రోజు మా నాన్నతో అసలేం చెప్పారు?" అని మొదలెడుతుంది.

ఈ వసంతం రాగానే క్లబ్బువాళ్ళు నా షాపు వెనక గదిలో పంచాయితీ పెట్టారు. బాబాయ్ ఒక మూల, టీచరమ్మగారు కిటికీ పక్కన కూర్చున్నారు. నేను టీలు అందిస్తున్నాను.

"నడకంతా ఏంటీ, ఏంటీ అనడంతోనే అయిపోతోంది" అన్నాడు మందుల షాపాయన. "మొన్న వచ్చిన మా మేనకోడలు, మీ క్లబ్బులో అందరికీ చెవుడా మావయ్యా అని అడిగింది."

"అదంతా ఒక ఎత్తు. టీచరమ్మగారు వినబోయే సమయానికి ఎదురుగా వెళ్ళి ఆ గంతులేంటండీ? ఆవిడ మొహమాటం కొద్దీ ఏమీ అనడం లేదు" అన్నాడు పళ్ళ డాక్టరు. "ఈసారి పెద్ద నడకకి చాలామంది వస్తున్నారు. కాలేజీలో చెట్ల పాఠాలు చెప్పే లెక్చరరు ఒకాయన ముందు నడుస్తానన్నాడు. కాలరుకి మైకు, నడుముకి స్పీకరు. చివర్న ఉన్నవాడికి కూడా ఖణేల్మని వినపడుతుంది. ఏమంటారు టీచరమ్మగారూ, ఈ మార్పు మీకు ఇష్టమేనా?"

టీచరమ్మగారు నా చేతిలో ట్రే వైపు చూసి, "పంచదార లేకుండా అయితే ఇష్టమే" అన్నారు.

గది గదంతా ఘొల్లుమంది. "చూశారా, తియ్యటి మాటలు వద్దు, పని చూడండి అంటున్నారు! ఎంత చమత్కారం!" అని పళ్ళ డాక్టరు తీర్మానం చేసేశాడు. బాబాయ్ ముందు నడవకూడదు. వస్తే వెనక రావాలి. చేతులు జేబులో పెట్టుకుని రావాలి.

బాబాయ్ పదవి కోసం పాకులాడే మనిషి కాదు. అలాంటివాడు అందరూ వెళ్ళాక నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరే, కార్యదర్శివి కదా, దీన్ని ఎలాగైనా ఆపు."

"పోనీలే బాబాయ్, ఈ ఏడాదికి ఇంకొకళ్ళు నడుస్తారు."

"నేను నడవకపోతే పీడాపోయింది. ఆ మైకు మాత్రం వద్దురా."

"ఎందుకొద్దు?"

"పక్షులు..."

"నీ నాట్యానికి బెదరని పక్షులు మైకుకి బెదురుతాయా?"

ఆయన నా చెయ్యి వదిలేశాడు. కుర్చీలు తీస్తుంటే నాకు సాయం కూడా పట్టకుండా వెళ్ళిపోయాడు. అది మాత్రం ఎప్పుడూ లేదు.

పెద్ద నడక రోజు గట్టు మీద జాతరలా ఉంది. లెక్చరరు "హలో, చెక్, చెక్" అంటూ బయల్దేరాడు. మంచివాడే, పని తెలిసినవాడే. చిగుళ్ళ గురించి, పూల గురించి చక్కగా చెప్తున్నాడు. ఆయన చెప్పిన ప్రతి మాటా అందరికీ వినపడుతోంది. మూడేళ్ళ తర్వాత మొదటిసారి మా గట్టు మీద ఎవరూ "ఏంటీ?" అనడం లేదు.

ఒక్కరు తప్ప. ఎండగా ఉందని నేను టీచరమ్మగారికి గొడుగు పట్టుకుని పక్కనే నడుస్తున్నాను. కొత్తగా వచ్చినావిడ ఎవరో ఆవిడని ఏదో అడిగింది. టీచరమ్మగారు "ఏంటీ?" అన్నారు. ఆవిడ మళ్ళీ అడిగింది. మళ్ళీ "ఏంటీ?" అన్నారు. ఆ కొత్తావిడ తన భర్త వైపు తిరిగి చెవి చూపించి పెదవి విరిచింది. వెనక్కి తిరిగి చూస్తే బాబాయ్ జేబుల్లో చేతులు పెట్టుకుని, పరీక్ష తప్పిన పిల్లాడి మొహంతో వస్తున్నాడు.

చెరువు వంపు తిరిగే చోట నీళ్ళ మీదికి వంగిన కొమ్మల్లోంచి కిలకిలమని ఒక కూత వినపడింది. లెక్చరరు టక్కున ఆగి, చెయ్యెత్తి, "నిశ్శబ్దం! మనందరం ఎదురు చూసిన ఘట్టం. ఇప్పుడు టీచరమ్మగారు ఈ పిట్ట పేరు చెప్తారు!" అన్నాడు. అన్ని తలలూ ఇటు తిరిగాయి.

కూత మళ్ళీ వచ్చింది. ఈసారి ఇంకా దగ్గరగా, ఇంకా గట్టిగా. టీచరమ్మగారు కళ్ళు మూసుకోలేదు. తల వంచలేదు. నవ్వు మొహం అలాగే పెట్టుకుని, కొమ్మల వైపు కాకుండా, గుంపు మీద నుంచి వెనక్కి చూస్తున్నారు. ఎటు చూస్తున్నారా అని నేనూ చూశాను. బాబాయ్ జేబుల వైపు చూస్తున్నారు.

అప్పుడు వెలిగింది నాకు. ఊళ్ళో అందరి కళ్ళూ పరీక్ష చేసేవాణ్ణి, పక్కనే ఉన్న ఆవిడ చెవుల సంగతి మూడేళ్ళుగా పట్టుకోలేకపోయాను. ఆ కూత ఆవిడకి వినపడటం లేదు. కొన్నేళ్ళుగా ఏ కూతా వినపడటం లేదు. బాబాయ్ చేతులు చూపిస్తే ఆవిడ నోరు చెప్తోంది.

ఇప్పుడు బాబాయ్ చేతులు బయటికి తీస్తే పళ్ళ డాక్టరుతో సహా అందరూ చూస్తారు. తియ్యకపోతే ఆవిడ ఇంకో "ఏంటీ" అంటారు. పిట్టల చెవుల టీచరమ్మగారు ఇంతమంది మధ్య ఆ ఒక్క "ఏంటీ" అన్నారంటే, మళ్ళీ ఈ గట్టు మీద అడుగు పెట్టరు. ఆవిడ నాకు తెలుసు.

"ఒక్కటోసారీ!"

గట్టు అదిరింది. చెట్ల మీద ఉన్న పిట్టలన్నీ ఒక్కసారి లేచాయి. లెక్చరరు నడుముకున్న స్పీకరు కీచుమని అరిచి ఆగిపోయింది. మందుల షాపాయన నీళ్ళలో ఒక కాలు పెట్టేశాడు. చూస్తే బాబాయ్ పెద్ద బండరాయి ఎక్కి, చేతులు రెండూ పైకెత్తి నిలబడి ఉన్నాడు.

"రండి బాబూ రండి! కొమ్మలో కూత ఉంది, కూతకో పేరుంది! ఎప్పుడూ టీచరమ్మగారే చెప్తే మనమంతా కాళ్ళరిగేలా దేనికి నడిచినట్టు? ఈ ఏడాది పేరు వేలం! ఎవరి పాట వారు పాడుకోండి!"

జనం ఒక్క క్షణం బిత్తరపోయారు. మూడేళ్ళుగా గుసగుసలు విన్న మావాళ్ళైతే నోళ్ళు తెరిచేశారు. అంతలో ఎవరో "గువ్వ!" అన్నారు.

"గువ్వ! గువ్వ ఒకటోసారి! ఇంత కిలకిలకి గువ్వేంటండీ, పై పాట లేదా?"

"పాలపిట్ట!"

"పాలపిట్ట అంటున్నారు పచ్చచీరమ్మగారు! ఆపై?"

"తీతువు!" అన్నాడు నీళ్ళలోంచి మందుల షాపాయన.

"తడిసిన కాలుకి తీతువు! ఆపై?"

"వడ్రంగిపిట్ట!" అని అరిచినవాడు ఎవరో కాదు, పళ్ళ డాక్టరే. ఊపులో ఒళ్ళు మరిచిపోయాడు.

"డాక్టరుగారి పాట వడ్రంగిపిట్ట! తొలిచేవాళ్ళ బాధ తొలిచేవాళ్ళకే తెలుస్తుంది! రెండోసారి! ఇంకెవరైనా ఉన్నారా?" అంటూ బాబాయ్ చేతులు రెండూ జోడించి, నెత్తి మీద నుంచి కిందికి, నీళ్ళలోకి దూకినట్టు వేశాడు. వేలంలో అలాంటి విసురు ఉంటుందిలే అనుకున్నారంతా.

టీచరమ్మగారు కళ్ళు మూసుకున్నారు. తల కాస్త పక్కకి వంచారు.

"లకుముకి. చేప చేజారిపోయిందని తిట్టుకుంటోంది."

"లకుముకి! ఒకటోసారి! రెండోసారి! మూడోసారీ! టీచరమ్మగారికే!"

"కరెక్ట్! లకుముకే!" అని లెక్చరరు ఎగిరి గంతేశాడు. చప్పట్లు అవతలి గట్టుకి తగిలి వెనక్కొచ్చాయి. టీచరమ్మగారు నవ్వుతున్నారు. ఎప్పుడూ ఉండే ఆ మర్యాద నవ్వు కాదు, పొట్ట పట్టుకుని, నా భుజం మీద వాలిపోయి నవ్వుతున్నారు. నాకు మాత్రం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గొడుగు అడ్డం పెట్టుకున్నాను.

నడక అయ్యాక బాబాయ్‌ని టీ కొట్టు దగ్గర పట్టుకున్నాను. "నాకు తెలిసిపోయింది బాబాయ్" అన్నాను. ఆయన చుట్టూ చూసి మళ్ళీ గుసగుసలోకి దిగాడు.

"అప్పుడొకసారి నడకలో ఆవిడ రెండుమూడు సార్లు ఏంటీ అంటే ఎవరో కిసుక్కుమన్నారురా. మరుసటి వారం ఆవిడ రాలేదు. మోకాలు నొప్పి అన్నారు. మోకాలికేమీ లేదని నాకు తెలుసు. గుంపులో ఒక్కరు ఏంటీ అంటే చెవుడంటారు. గుంపంతా అంటే ముందు నడిచేవాడికి బుద్ధి లేదంటారు. బుద్ధి లేదనిపించుకోవడం నాకేం కొత్త కాదు, మీ పిన్ని దయ వల్ల."

"మరి ఇంట్లో కూడా ఎందుకు?"

"ఆవిడ ఇల్లు మన వీధి చివరేగా. అక్కడ గుసగుస, ఇక్కడ అరుపు అయితే దొంగ వేషమని తెలిసిపోదూ?"

"నీ మీసం పోయిందే!"

"మళ్ళీ వచ్చిందిగా" అని టీ ఊదుకున్నాడు.

మర్నాడు టీచరమ్మగారు కళ్ళజోడు మర వదులైందని షాపుకొచ్చారు. తలుపు వేసి, నా ఎదురుగా కూర్చుని, "ఇప్పుడు గట్టిగా మాట్లాడు నాన్నా. నిన్న గొడుగు చాటున నీ కళ్ళు చూశాను. నీకు తెలిసిపోయిందని నాకు తెలిసిపోయింది" అన్నారు.

"బాబాయ్ మీకోసమే అలా చేస్తున్నాడని మీకు తెలుసా?" అని అరిచాను.

"మొదటి వారమే తెలుసు. అంత ముచ్చటపడి మోసం చేస్తుంటే కాదని ఎలా అనను? చిన్నబుచ్చుకోడూ? ఆయన వేలు ఎటు తిప్పితే అటు చెప్పాను. చీమలని నాకేం తెలుసు? అంత పెద్ద నాట్యం నెమలికి తప్ప ఇంక దేనికి చేస్తాడనుకున్నాను."

నేను నవ్వు ఆపుకోలేకపోతున్నాను. ఆవిడ కూడా నవ్వి, కళ్ళజోడు నా చేతికిచ్చి అన్నారు.

"అసలు తమాషా ఏంటో చెప్పనా? మనుషుల గొంతులన్నీ నాకు దూదిలో చుట్టినట్టు అయిపోయాయి. మీ అందరివీ. ఒక్క మీ బాబాయి గొంతే తేటగా వినపడేది. హమ్మయ్య, ఈ ఒక్కటైనా మిగిలింది అనుకుంటూ ఉండగా, సరిగ్గా అప్పుడే ఆ మహానుభావుడు నాకోసం గుసగుస మొదలుపెట్టాడు."

నా చేతిలో మర కింద పడిపోయింది. ఇద్దరం టేబుల్ కింద దూరి, నవ్వుకుంటూ వెతికాం.

"మరి చెవికి మిషను పెట్టుకోవచ్చుగా?"

"ఉంది. పెట్టుకుంటే మీ అధ్యక్షుడి ఉపన్యాసాలు కూడా వినపడుతున్నాయి. అందుకే డ్రాయరులో పెట్టాను."

"ఈ సంగతి బాబాయ్‌తో చెప్పనా?"

"వద్దు. నేనే చెప్తాను, నా పద్ధతిలో."

ఆవిడ పద్ధతి ఏంటో ఆ సాయంత్రమే తెలిసింది. బాబాయ్ ఇంటి ముందు ఆగి, "నిన్న మీ గొంతు బావుంది. వచ్చే వారం కూడా తీసుకురండి" అన్నారట. అంతే. మళ్ళీ గంపలు అదిరే గొంతు తిరిగొచ్చింది.

ఇప్పుడు మా నడకలో ప్రతి కూతకీ వేలమే. ముందు లెక్చరరు స్పీకరు లేకుండా చెట్లు చెప్తాడు, తర్వాత బాబాయ్ పిట్టలు పాడిస్తాడు. ఈ ఆలోచన తనదేనని పళ్ళ డాక్టరు ఊరంతా చెప్పుకుంటున్నాడు. పిట్టలు మొదట్లో ఎగిరిపోయేవి గానీ, ఇప్పుడు రెండోసారి దాకా ఆగి చూస్తున్నాయి. మా పిన్ని మాత్రం కొత్త దూది పొట్లం కొంది.

మొన్న మామగారు వచ్చారు. మా ఆవిడ సమయం చూసుకుని, "నాన్నా, మీతో ఆ రోజు బాబాయిగారు అసలేం చెప్పారు?" అని మళ్ళీ మొదలెట్టింది. ఆ మాట మా ఎదురింట్లో, తన అరుగు మీద కూర్చున్న బాబాయ్ చెవిన పడింది. ఆయన లేచి నిలబడి, గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

"మా అబ్బాయి చాలా మంచివాడండీ! ఒక్క చెడ్డ అలవాటు కూడా లేదూ!"

వీధిలో కిటికీలన్నీ తెరుచుకున్నాయి. సైకిలు మీద వెళ్తున్నాయన దిగిపోయి నా వైపు చూశాడు. మా ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని, "ఊరంతా వినేలా అంత గట్టిగా చెప్పాల్సి వచ్చిందంటే, ఏం చేశారు మీరు?" అంది.

నేను నోరు తెరిచేలోపే వీధి చివర గేటు దగ్గర నుంచి టీచరమ్మగారు చెయ్యి ఊపుతూ కేకేశారు.

"వినపడిందీ!"